లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో స్పేర్ డిస్క్ మొరాయిస్తే: వరుసగా ఏం చూడాలి, ఏం చేయాలి

రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్క్‌లా వాడుకునే ఏర్పాటు. అందులో ఒకటి చెడితే దాని స్థానంలోకి ఎక్కడానికి ఖాళీగా ఉంచే అదనపు డిస్కే స్పేర్. అనంతపురం, కర్నూలు, కడప వైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు, కాలేజీ ల్యాబుల్లో సర్వర్లు చూసుకునే తమ్ముళ్లు ఎక్కువగా అడుగుతున్నవి రెండు. ఒకటి: "అన్నా, స్పేర్ పెట్టినాం. ఒక డిస్క్ పోయింది. స్పేర్ మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు." రెండోది ఇంకా టెన్షన్ పెట్టేది: "కరెంటు పోయి వచ్చినాక అన్ని డిస్కులూ స్పేర్ అనే చూపిస్తాండాయి సామీ."

మన దగ్గర స్పేర్‌కు విలువ ఎక్కువ. రెయిడ్‌కు పనికొచ్చే పెద్ద డిస్క్ కావాలంటే అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డు వైపు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ వైపు చూడాలి. బస్సు పార్శిల్‌లో వేయించినా ఒక రోజు పోతుంది. ఆ రోజంతా రెయిడ్ ఒంటికాలి మీద నిలబడకుండా కాపాడేది స్పేరే.

స్పేర్ పెట్టుకోగలిగే రెయిడ్‌లో ఒక డిస్క్ పోయినంత మాత్రాన డేటా పోదు. ఆ తర్వాత కంగారులో కొట్టే రెండో కమాండ్ కొంప ముంచుతుంది. అందుకే కింద చెప్పిన దాంట్లో సగం పని చదవడమే.

కమాండ్లను పలికే తీరులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి, పెద్ద అక్షరం కావాల్సినచోట చెబుతాను. ఎండీఆడమ్ (ఎం-డీ-ఏ-డీ-ఎం) అంటే రెయిడ్‌లను కట్టి, చూసుకునే కమాండ్. రెయిడ్ పేరు ఎండీ0, డిస్కులు ఎస్‌డీబీ నుంచి ఎస్‌డీఈ వరకు అనుకుందాం. డిస్క్ పేరు చివర 1 ఉంటే దాని మీది మొదటి పార్టిషన్ (డిస్క్‌ను కోసిన భాగం) అని. మీ పేర్లు వేరుగా ఉంటాయి, చూసి మార్చుకోండి.

1. చేయి పెట్టకముందు

☐ రెయిడ్ మీదికి కొత్తగా ఏదీ కాపీ చేయకండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, సీసీ కెమెరా రికార్డింగ్ ఆపేయండి.
☐ రెయిడ్ ఇంకా తెరుచుకుంటుంటే ముఖ్యమైన ఫోల్డర్లను ముందు బయటి డిస్క్‌కు తీసుకోండి. రిపేరు తర్వాత చూసుకోవచ్చు.
☐ మిషన్ యూపీఎస్ మీద ఉందో లేదో చూడండి. ఇంటి ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ ఆగిపోవచ్చు. యూపీఎస్ మోడ్ ఉంటే దానికి మార్చండి.
☐ ఒక తెల్లకాగితం, పెన్ను. నవ్వకండి, ఇది తప్పదు.

కాగితం మీద డిస్కుల పట్టిక రాయండి: డిస్క్ పేరు, సీరియల్ నంబర్, కేబినెట్‌లో ఏ వరుసలో ఉంది. పేర్లు, సీరియల్ నంబర్లు ఈ కమాండ్‌తో వస్తాయి:

ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,సీరియల్,మోడల్

ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు శాశ్వతం కాదు. ఒక డిస్క్ ఆలస్యంగా మేలుకున్నా, కేబుల్ వేరే పోర్టుకు మారినా నిన్నటి ఎస్‌డీసీ ఈరోజు ఎస్‌డీడీ అవుతుంది. చెడిపోయినది లోపలే ఉండిపోయి, మంచి డిస్క్ చేతికి వచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది. స్క్రూ విప్పేముందు డిస్క్ మీది స్టిక్కర్‌లో సీరియల్ నంబర్‌ను కాగితంతో సరిచూడండి.

2. రెయిడ్ ఏం చెబుతోందో చదవడం

మూడు చోట్ల చూడాలి. మూడూ చదవడానికి మాత్రమే, దేన్నీ మార్చవు.

క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్
ఎండీఆడమ్ --డీటెయిల్ /డెవ్/ఎండీ0
ఎండీఆడమ్ --ఎగ్జామిన్ /డెవ్/ఎస్‌డీబీ1

మొదటిది టూకీగా చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న, తర్వాత స్పేర్ చేర్చిన మూడు డిస్కుల రెయిడ్5 (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచే రకం) ఇలా కనిపిస్తుంది:

ఎండీ0 : యాక్టివ్ రెయిడ్5 ఎస్‌డీఈ1[4](ఎస్) ఎస్‌డీడీ1[3] ఎస్‌డీసీ1[1] ఎస్‌డీబీ1[0]
[3/3] [యూయూయూ]

బ్రాకెట్లో ఎస్ ఉంటే స్పేర్, ఎఫ్ ఉంటే చెడిపోయినట్టు లెక్క. [3/3] అంటే మూడు ఉండాలి, మూడూ ఉన్నాయి. యూ ఉన్నచోట డిస్క్ పనిచేస్తోంది, దాని బదులు అడ్డగీత ఉంటే ఆ స్థానం ఖాళీ. పేరు పక్కన [3], [4] అంకెలు చూసి "రెండో నంబర్ ఏమైంది?" అని బెంగపడొద్దు. అవి చేర్చిన వరుసను బట్టి వచ్చేవి, స్థానాలు కావు.

రెండో కమాండ్ రెయిడ్ మొత్తం గురించి చెబుతుంది. మూడోది ఒక్కో డిస్క్ తన గురించి తాను రాసుకున్న చీటీ. దాన్నే సూపర్‌బ్లాక్ అంటారు. గొడవ పెద్దదైనప్పుడు పనికొచ్చేది ఈ మూడోదే. దీన్ని అన్ని డిస్కుల మీదా నడిపి, వచ్చినదంతా ఒక ఫైల్‌లో దాచి, ఫోన్‌కో పెన్‌డ్రైవ్‌కో పంపుకోండి. ఆ ఫైల్‌ను రెయిడ్ మీదే దాచుకునేవాళ్లూ ఉన్నారు, మీరు అలా చేయకండి.

3. మీ కేసు ఏదో తేల్చుకోండి

☐ రెయిడ్ యాక్టివ్, అన్నీ యూ, ఒక డిస్క్‌కు ఎస్: అది అసలైన స్పేర్. సమస్య లేదు. నేరుగా 9కి వెళ్లండి.
☐ డీటెయిల్‌లో "స్పేర్ రీబిల్డింగ్": స్పేర్ పనిలోకి దిగింది, పోయిన డిస్క్ డేటాను తన మీద తిరిగి రాసుకుంటోంది (దీన్నే రీబిల్డ్ అంటారు). కదిలించకండి.
☐ రెయిడ్ డీగ్రేడెడ్ (డిస్క్ తక్కువతో నడుస్తోంది), స్పేర్ ఖాళీగా ఉంది: 4.
☐ కొత్త డిస్క్‌ను చేర్చనివ్వడం లేదు: 5.
☐ రీబిల్డ్ సగంలోనో చివర్లోనో ఆగి మళ్లీ స్పేర్ అంటోంది: 6.
☐ రెయిడ్ ఇనాక్టివ్, అన్నిటికీ ఎస్: 7. అక్కడికి వెళ్లేదాకా ఒక్క కమాండ్ కూడా కొట్టొద్దు.

రెండు భ్రమలు ఇక్కడే తీరాలి. రెయిడ్5ను కొత్తగా తయారుచేసిన వెంటనే ఒక డిస్క్ "స్పేర్ రీబిల్డింగ్" అని కనిపిస్తుంది. ఎండీఆడమ్ పద్ధతే అంత: చివరి డిస్క్‌ను స్పేర్‌గా పెట్టి దాని మీదికి ప్యారిటీ (డిస్క్ పోతే దాని డేటాను లెక్కకట్టడానికి పనికొచ్చే అదనపు సమాచారం) కట్టుకుంటుంది. పూర్తయ్యాక మామూలుగా అయిపోతుంది.

రెండోది, "నాలుగో డిస్క్ యాడ్ చేసినా, జాగా పెరగలేదు" అనేది. నిండుగా ఉన్న రెయిడ్‌కు డిస్క్ యాడ్ చేస్తే అది స్పేర్‌గానే చేరుతుంది. జాగా కావాలంటే --గ్రో తో --రెయిడ్-డివైసెస్ సంఖ్య పెంచాలి, ఆ తర్వాత ఫైల్‌సిస్టమ్‌నూ పెంచాలి. అది వేరే పని, బ్యాకప్ లేకుండా మొదలుపెట్టకూడదు.

రక్షణ లేకుండా డిస్కులను కలిపే రెయిడ్0లో, లీనియర్‌లో స్పేర్ అనే మాటే ఉండదు. అక్కడ ఒకటి పోతే పోయినట్టే.

4. డిస్క్ పోయింది, స్పేర్ కదల్లేదు

ఈ వరుసలోనే చూడండి. తేలికవి ముందు పెట్టాను.

మొదట, అది నిజంగా కదల్లేదా, నెమ్మదిగా నడుస్తోందా? ఎండీస్టాట్‌ను నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. శాతం పెరుగుతుంటే పని జరుగుతున్నట్టే. 4 టీబీ డిస్క్ సెకనుకు సగటున 150 ఎంబీ రాసినా ఏడున్నర గంటల దాకా పడుతుంది. పక్కన ఎడిటింగ్ నడుస్తుంటే కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) రీబిల్డ్‌ను వెనక్కి నెట్టి, సెకనుకు 1000 కేబీ అనే కనీస వేగం దాకా దించేస్తుంది. ఆ కనీసాన్ని పెంచొచ్చు:

ఎకో 50000 > /ప్రాక్/సిస్/డెవ్/రెయిడ్/స్పీడ్_లిమిట్_మిన్

రెండు, "ఆటో-రీడ్-ఓన్లీ", "పెండింగ్" అని ఉందా? రీబూట్ తర్వాత రెయిడ్‌ను ఎవరూ మౌంట్ చేయకపోతే (వాడకానికి తెరవకపోతే), దాని మీదికి మొదటి రాత వచ్చేదాకా రీబిల్డ్ మొదలుకాదు. మౌంట్ చేసినా, లేదా ఎండీఆడమ్ --రీడ్‌రైట్ /డెవ్/ఎండీ0 అన్నా కదులుతుంది.

మూడు, "డిలేడ్" అని ఉందా? ఒకే డిస్కులను పార్టిషన్లుగా కోసి రెండు మూడు రెయిడ్‌లు కట్టినచోట ఒకదాని పని అయ్యాకే రెండోది మొదలవుతుంది. ఆగండి, అంతే.

నాలుగు, ఫ్రోజెన్. /సిస్/బ్లాక్/ఎండీ0/ఎండీ/సింక్_యాక్షన్ ఫైల్‌ను క్యాట్‌తో చూస్తే "ఫ్రోజెన్" అని వస్తే ఎవరో, ఏదో స్క్రిప్టో దాన్ని ఆపి మరిచిపోయినట్టు. అందులోకి "ఐడిల్" అని రాస్తే తాళం తీసినట్టే, స్పేర్ ఉంటే రీబిల్డ్ దానంతటదే మొదలవుతుంది.

ఐదు, స్పేర్ వేరే రెయిడ్‌లో ఉందా? ఇది కొంచెం వివరంగా చెప్పాలి. రెండు రెయిడ్‌లకు కలిపి ఒకే స్పేర్ పెట్టుకోవచ్చు. అందుకు ఎండీఆడమ్ కాన్ఫ్ (సెట్టింగుల) ఫైల్‌లో రెండు రెయిడ్‌ల వరుసల్లోనూ ఒకే స్పేర్-గ్రూప్ పేరు రాయాలి. ఆ స్పేర్‌ను ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టేది కెర్నెల్ కాదు, వెనకాల నడిచే ఎండీఆడమ్ మానిటర్. ఆ మానిటర్ నడవకపోతే స్పేర్ పక్కింట్లోనే ఉండిపోతుంది. కాన్ఫ్ ఫైల్‌లో మెయిల్ అడ్రస్ గానీ, అలర్ట్ ప్రోగ్రామ్ గానీ రాయకపోతే ఈ మానిటర్ "నేను చూడను" అని మొదట్లోనే విరమించుకుంటుంది. "మాకు మెయిల్ అలర్టులు అక్కర్లేదు" అని ఆ వరుస తీసేసినవాళ్లు స్పేర్ పంపకాన్ని కూడా తీసేసినట్టే. వరుస మళ్లీ రాసి, మానిటర్ సర్వీసును రీస్టార్ట్ చేయండి.

ఆరు, పోయిందనుకున్న డిస్క్‌ను రెయిడ్ ఇంకా పోయిందని ఒప్పుకుందా? చప్పుడు చేస్తూ, నత్తలా నడుస్తూ ఉన్న డిస్క్ కూడా రాతలకు జవాబిస్తున్నంతకాలం మెంబరే. దాన్ని వెంటనే ఫెయిల్ చేయాలనిపిస్తుంది. ఆగి, 8 చదవండి.

5. యాడ్ చేస్తుంటే ఒప్పుకోకపోతే

మామూలు వరుస ఇది: పాతది చెడిందని గుర్తు పెట్టడం, తీసేయడం, కొత్తది చేర్చడం.

ఎండీఆడమ్ /డెవ్/ఎండీ0 --ఫెయిల్ /డెవ్/ఎస్‌డీసీ1
ఎండీఆడమ్ /డెవ్/ఎండీ0 --రిమూవ్ /డెవ్/ఎస్‌డీసీ1
ఎండీఆడమ్ /డెవ్/ఎండీ0 --యాడ్ /డెవ్/ఎస్‌డీఈ1

డిస్క్‌ను ముందే పీకేసి ఉంటే, దాని పేరే సిస్టమ్‌లో లేకపోతే --రిమూవ్ తర్వాత పేరు బదులు "డిటాచ్డ్" అని రాయండి.

యాడ్ దగ్గర వచ్చే గొడవలు మూడు.

*"బిజీ" అంటే:* ఆ డిస్క్‌ను ఇంకెవరో పట్టుకున్నారు. సెకండ్ హ్యాండ్ డిస్కుల్లో ఇది ఎక్కువ. పాత మిషన్‌లోని రెయిడ్ గుర్తులు దాని మీద ఉండిపోయి, బూట్ కాగానే ఎండీ127 అనే పేరుతో సగం రెయిడ్ లేచి కూర్చుంటుంది. ఎండీస్టాట్‌లో చూడండి. అది మీకు అక్కర్లేని పాత రెయిడే అని సీరియల్ నంబర్‌తో నిర్ధారించుకున్నాక దాన్ని --స్టాప్ చేసి, ఆ ఒక్క పార్టిషన్ మీద --జీరో-సూపర్‌బ్లాక్ (చీటీ చెరిపేది) నడపండి. తర్వాత యాడ్ అవుతుంది.

*"సరిపడా పెద్దది కాదు" అంటే:* పేరుకు రెండూ 4 టీబీయే. పాతది డిస్క్ మొత్తాన్ని రెయిడ్‌కు ఇచ్చి, కొత్తదాని మీద పార్టిషన్ చేసి ఉంటే కొన్ని ఎంబీల తేడా చాలు, చేర్చుకోదు. పాత డిస్క్ పార్టిషన్ పట్టికనే కొత్తదానికి కాపీ చేయడం మంచి పద్ధతి. ఎస్‌జీడిస్క్‌తో చేస్తే ఒక ఉచ్చు ఉంది: -ఆర్ (పెద్ద అక్షరం) పక్కన వచ్చేది కొత్త డిస్క్, ఆ తర్వాతది పాత డిస్క్. మనకు అలవాటైన కాపీ వరుసకు ఇది తలకిందులు. తిరగేస్తే మంచి డిస్క్ పట్టిక ఎగిరిపోతుంది. కాపీ అయ్యాక కొత్త డిస్క్ మీద -జీ (ఇదీ పెద్ద అక్షరమే) నడిపి గుర్తింపు సంఖ్యలు మార్చండి. ఇకముందు రెయిడ్ కట్టేటప్పుడు పార్టిషన్‌ను చివర్లో 100 ఎంబీ వదిలి చేయండి, ఈ బాధే ఉండదు.

*"ఇది యాక్టివ్ మెంబర్‌నని చెబుతోంది, రీ-యాడ్ కుదరలేదు, యాడ్ చేస్తే స్పేర్ అయిపోతుంది" అంటే:* ఈ సందేశం చివర "స్పేర్ చేయాలంటే ముందు జీరో-సూపర్‌బ్లాక్ నడుపు" అనే సలహా కూడా ఉంటుంది. రెయిడ్ నడుస్తూ, మిగతా డిస్కులన్నీ బాగుండి, ఈ ఒక్కటే బయట ఉంటే ఆ సలహా పాటించొచ్చు. రెయిడ్ నడవకపోతే మాత్రం ఆ మాట వినకండి. మీ డేటాలో ఒక భాగం ఆ డిస్క్ మీదే ఉంది.

కేబుల్ వదులై బయటికి వచ్చిన మంచి డిస్క్‌కు ముందు --రీ-యాడ్ ప్రయత్నించండి. రెయిడ్‌కు రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ (ఏ ముక్కలు మారాయో గుర్తుంచుకునే పట్టిక) ఉంటే, అది లేని కాలంలో మారిన ముక్కలే రాసుకుని త్వరగా చేరిపోతుంది. బిట్‌మ్యాప్ లేకపోతే, రెయిడ్ ఆరోగ్యంగా ఉన్న రోజు --గ్రో --బిట్‌మ్యాప్=ఇంటర్నల్ అని పెట్టేసుకోండి.

6. రీబిల్డ్ మొదలై, ఆగి, మళ్లీ స్పేర్ అంటుంటే

స్పేర్‌ను తిట్టకండి. తప్పు చాలాసార్లు చదవాల్సిన డిస్క్‌ది.

రెయిడ్5లో ఒకటి పోతే మిగతా డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివితేనే స్పేర్ నిండుతుంది. వాటిలో ఏళ్లుగా ఎవరూ ముట్టని మూల ఒకటి చదవలేకపోతే రీబిల్డ్ అక్కడ ఆగిపోవచ్చు. స్పేర్ మళ్లీ ఖాళీ స్పేర్‌గా నిలబడుతుంది. మళ్లీ యాడ్ చేస్తే మళ్లీ అదే చోట ఆగుతుంది. ఆ తంతు మూడుసార్లు తిప్పితే ఆ బలహీన డిస్క్ పూర్తిగా పోవచ్చు.

డీమెస్గ్ కమాండ్ (కెర్నెల్ రాసుకున్న సందేశాలు చూపేది) ఇచ్చి చివరి వరుసలు చదవండి. ఏ డిస్క్ పేరు పక్కన రీడ్ ఎర్రర్ ఉందో చూసి, దాన్ని స్మార్ట్‌సీటీఎల్ -ఏ (డిస్క్ ఆరోగ్యం చెప్పే కమాండ్) తో పరీక్షించండి. చూడాల్సినవి నాలుగు వరుసలు:

☐ 5: మార్చేసిన సెక్టార్లు
☐ 197: చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు
☐ 198: సరిచేయలేనివి
☐ 199: కేబుల్ మీద దారిలో తప్పిన డేటా

197, 198 సున్నా కాకపోతే ఆ డిస్క్ ఇక నమ్మదగ్గది కాదు. 199 ఒక్కటే పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చండి. వేలు పోసి డిస్క్ కొనేముందు చేయాల్సిన పని అది. పాత 199 అంకె కేబుల్ మార్చినా తగ్గదు, ఇక పెరగకపోతే చాలు.

ఇంకో కారణం డెస్క్‌టాప్ డిస్కులు. చదవలేని సెక్టార్ తగిలితే అవి లోపల్లోపల చాలాసేపు ప్రయత్నిస్తూనే ఉంటాయి. కెర్నెల్ మాత్రం 30 సెకన్లు చూసి, జవాబు లేదని డిస్క్‌నే రీసెట్ చేస్తుంది. బాగున్న డిస్క్ కూడా ఇలా బయటికి పోతుంది. రెండు మార్గాలు:

స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 /డెవ్/ఎస్‌డీబీ

ఇది "7 సెకన్లలో తేల్చేయ్" అని డిస్క్‌కు చెప్పడం. డిస్క్ ఒప్పుకోకపోతే /సిస్/బ్లాక్/ఎస్‌డీబీ/డివైస్/టైమ్ఔట్‌లో 180 రాసి కెర్నెల్‌కే ఓపిక పెంచండి. కెర్నెల్ వైపు పెట్టింది రీబూట్‌తో పోతుంది, డిస్కుకు చెప్పింది కూడా కరెంటు తీస్తే సాధారణంగా పోతుంది. కాబట్టి రెండిట్లో ఏది వాడినా బూట్ స్క్రిప్టులో పెట్టుకోవాలి.

చదవలేని సెక్టార్లు నిజంగానే ఉంటే రెయిడ్‌ను ఆపి, ఆ బలహీన డిస్క్‌ను డీడీరెస్క్యూతో కొత్త డిస్క్ మీదికి మొత్తం కాపీ తీయండి. అది చదవగలిగినంత ముందు చదివి, కష్టమైన చోట్లకు తర్వాత వస్తుంది. తర్వాత బలహీనమైనదాన్ని బయట పెట్టి, కాపీతో రెయిడ్‌ను అసెంబుల్ చేసి (డిస్కులను కలిపి లేపి) స్పేర్‌ను నింపండి. కొన్ని ఫైళ్లలో చిన్న చిల్లులు పడొచ్చు, మిగతాదంతా దక్కుతుంది.

ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో మధ్యాహ్నం రేకుల గదిలో రీబిల్డ్ నడిపించడమంటే డిస్కులను గంటల తరబడి పరుగెత్తించడం. స్మార్ట్ పట్టికలో 194 ఉష్ణోగ్రత. చాలా డిస్కులకు తయారీదారు చెప్పే పైహద్దు 60 డిగ్రీల చుట్టుపక్కలే. 50 దాటితే కేబినెట్ పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టండి, దుమ్ము దులపండి. ఎడిటింగ్ లోడు ఆపేయడం ఏసీ కంటే ముందు చేయాల్సిన పని.

7. ఇనాక్టివ్: అన్ని డిస్కులకూ ఎస్

ఎండీస్టాట్‌లో ఇలా ఉంటుంది:

ఎండీ0 : ఇనాక్టివ్ ఎస్‌డీబీ1[0](ఎస్) ఎస్‌డీసీ1[1](ఎస్) ఎస్‌డీడీ1[3](ఎస్)

డిస్కులు స్పేర్‌లుగా మారిపోలేదు. రెయిడ్ ఇంకా లేవలేదు కాబట్టి ఎవరికీ పని అప్పగించలేదు, పని లేని అందరినీ ఎండీస్టాట్ ఎస్ అని రాస్తుంది. మీ డేటా చాలావరకు ఉన్నచోటే ఉంది.

ఇక్కడ చేయకూడనివి ముందు:

☐ --క్రియేట్ వద్దు. "మళ్లీ కట్టేస్తే సరిపోతుంది" అని ఎవరు చెప్పినా వద్దు. డిస్కుల వరుస, ఆఫ్‌సెట్ (డేటా మొదలయ్యే చోటు), చంక్ సైజు (డేటాను కోసే ముక్క కొలత) ఒక్కటి తేడా వచ్చినా పాత డేటా మీద కొత్త ప్యారిటీ రాసేస్తుంది.
☐ --జీరో-సూపర్‌బ్లాక్ వద్దు.
☐ --యాడ్ వద్దు.
☐ ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ రిపేరు కమాండ్) వద్దు.

ఇప్పుడు వరుస.

*మొదట చీటీలు చదవండి.* ఒక్కో డిస్క్ మీద --ఎగ్జామిన్ నడిపి కాగితం మీద ఐదు గడులు నింపండి: అరే యూయూఐడీ (ఆ రెయిడ్ గుర్తింపు సంఖ్య), డివైస్ రోల్, ఈవెంట్స్, అప్‌డేట్ టైమ్, అరే స్టేట్. యూయూఐడీ అన్నిటికీ ఒకటే ఉండాలి. లేకపోతే వేరే రెయిడ్ డిస్క్ కలిసిపోయినట్టు.

ఈవెంట్స్ అసలు సాక్షి. రెయిడ్ స్థితి మారినప్పుడల్లా ఈ అంకె పెరుగుతుంది. ఉదాహరణకు ఎస్‌డీబీ1కు 48213, ఎస్‌డీసీ1కు 48213, ఎస్‌డీడీ1కు 48209 ఉంటే మూడూ దాదాపు కలిసే పడిపోయాయి. ఎస్‌డీడీ1కు 31077 ఉండి, అప్‌డేట్ టైమ్ సంక్రాంతి నాటిదైతే అది అప్పుడే బయటికి పోయింది, మీకు తెలియలేదు. దాన్ని ఇప్పుడు కలపకూడదు.

డివైస్ రోల్ దగ్గర "యాక్టివ్ డివైస్ 0, 1, 2" అని ఉండాలి. ఒకప్పుడు యాక్టివ్‌గా ఉన్న డిస్క్ చీటీలో "స్పేర్" అని ఉంటే ఎవరో దాన్ని యాడ్ చేసి పాత చీటీ చెరిపేశారు. మిగతావి రెయిడ్‌ను నడపడానికి సరిపోతే పర్వాలేదు. సరిపోకపోతే అక్కడ ఆగి, డిస్కులన్నిటికీ కాపీలు తీసి, తెలిసినవాళ్లతో ఆ కాపీల మీదే చేయించండి.

*రెండు, ఆపండి.* సగం లేచిన రెయిడ్ డిస్కులను పట్టుకుని ఉంటుంది, వదిలిస్తేనే తర్వాతి పని:

ఎండీఆడమ్ --స్టాప్ /డెవ్/ఎండీ0

*మూడు, బలవంతం లేకుండా లేపండి.*

ఎండీఆడమ్ --అసెంబుల్ --వెర్బోస్ /డెవ్/ఎండీ0 /డెవ్/ఎస్‌డీబీ1 /డెవ్/ఎస్‌డీసీ1 /డెవ్/ఎస్‌డీడీ1

చాలా కేసులు ఇక్కడే తీరిపోతాయి. కరెంటు వచ్చినప్పుడు ఒక డిస్క్ ఆలస్యంగా మేలుకోవడమే అసలు కారణం అయి ఉంటుంది. ఒక డిస్క్ నిజంగానే లేక, మిగతావి సరిపోతుంటే --రన్ జోడిస్తే డీగ్రేడెడ్‌గా లేస్తుంది.

*నాలుగు, --ఫోర్స్.* "క్లీన్‌గా లేదు, డిస్కులు చాలవు, ఫోర్స్ ఆలోచించు" అని వస్తేనే దీని వంతు. ఈవెంట్స్ దగ్గరగా ఉన్న డిస్కులనే పేరుపేరునా రాసి, బాగా వెనకబడిన దాన్ని వదిలేసి నడపండి. డేటా తిరిగి రానిదైతే, ఎవరి పెళ్లో, ఎవరి నామకరణమో ఉంటే, దీనికి ముందే డిస్కుల కాపీలు తీయండి. ఖాళీ డిస్కులు అరువు తెచ్చుకున్నా సరే.

*ఐదు, రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి చూడండి.* ఫోల్డర్ పేర్లు కనిపిస్తే సంబరపడిపోకండి. పెద్ద వీడియో ఫైళ్లు రెండు మూడు తెరిచి మధ్యలోకి, చివరికి జరిపి చూడండి. సరిగ్గా ఆడితే ముఖ్యమైనవి బయటికి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే వదిలేసిన డిస్క్‌ను, అది ఆరోగ్యంగా ఉంటే, యాడ్ చేయాలి.

8. పోకముందే మార్చడం

డిస్క్ బలహీనపడింది కానీ ఇంకా పనిచేస్తోంది, స్పేర్ సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఫెయిల్ చేస్తే రీబిల్డ్ అయ్యేదాకా రక్షణ ఉండదు. దీనికి మంచి దారి ఉంది:

ఎండీఆడమ్ /డెవ్/ఎండీ0 --రీప్లేస్ /డెవ్/ఎస్‌డీసీ1 --విత్ /డెవ్/ఎస్‌డీఈ1

పాత డిస్క్ రెయిడ్‌లో ఉండగానే దాని డేటా స్పేర్ మీదికి వెళుతుంది. అది చదవలేని చోట మిగతా డిస్కుల నుంచి తీసుకుంటుంది. కాపీ పూర్తయ్యాక పాతదానికి ఎఫ్ గుర్తు పడుతుంది, అప్పుడు రిమూవ్ చేయండి. చాలామందికి ఈ ఆప్షన్ ఉన్నట్టే తెలియదు.

9. పని అయ్యాక

స్పేర్ గురించి ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. డెబియన్, ఉబుంటుల్లో నెలకోసారి రెయిడ్ చెక్ నడుస్తుంది కదా, అది యాక్టివ్ డిస్కులనే చదువుతుంది. స్పేర్ జోలికి పోదు. కారు డిక్కీలో స్టెప్నీ ఉంది, గాలి ఎప్పుడు చూశాం? అందుకే నెలకోసారి స్పేర్ మీద పొడుగు పరీక్ష పెట్టండి:

స్మార్ట్‌సీటీఎల్ -టీ లాంగ్ /డెవ్/ఎస్‌డీఈ

☐ కొత్త స్పేర్‌ను చేర్చేముందే ఈ పరీక్ష ఒకసారి పూర్తి చేయండి.
☐ ఎండీఆడమ్ కాన్ఫ్‌లో రెయిడ్ వరుసకు స్పేర్స్=1 అని రాయండి. మానిటర్ మొదటిసారి చూసినప్పుడు స్పేర్ లేకపోతే మెయిల్ వస్తుంది.
☐ కాన్ఫ్ మార్చాక డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ నడపండి. లేకపోతే తర్వాతి బూట్‌లో రెయిడ్ ఎండీ127 అయి కూర్చోవచ్చు.
☐ ఎండీఆడమ్ --మానిటర్ --స్కాన్ --వన్‌షాట్ --టెస్ట్ నడిపి, మెయిల్ మీ ఫోన్‌కు వచ్చిందో చూడండి. రాకపోతే అలర్ట్ లేనట్టే.
☐ సిస్టమ్ కూడా రెయిడ్1 (ప్రతి డిస్క్ మీదా అదే డేటా కాపీ ఉండే రకం) మీద ఉంటే కొత్త డిస్క్ మీద గ్రబ్ (సిస్టమ్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) ఎక్కించండి.
☐ కాగితం మీది సీరియల్ పట్టిక సరిచేసి కేబినెట్ లోపల అతికించండి.

నన్నడిగితే రెయిడ్1కు స్పేర్ దండగ. ఆ మూడో డిస్క్‌ను --గ్రో --రెయిడ్-డివైసెస్=3 తో మూడో కాపీగా చేర్చుకోండి. ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది, పనిచేస్తూ తిరగనివ్వండి. అలాగే నాలుగు డిస్కులతో రెయిడ్5 ప్లస్ స్పేర్ కట్టేబదులు రెయిడ్6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే రకం) కట్టండి. దొరికే జాగా రెండు డిస్కులంతే, రెండిట్లోనూ తేడా లేదు. రాతలు కాస్త నెమ్మదిస్తాయి, రీబిల్డ్ మధ్యలో ఇంకోటి పోయినా డేటా నిలుస్తుంది. రెండు మూడు రెయిడ్‌లు ఉన్నచోట ఉమ్మడి స్పేర్ మాత్రం బాగా పనికొస్తుంది.

10. ఉత్తుత్తి డిస్కులతో సాధన

ఇదంతా మొదటిసారి అసలు డేటా మీద చేయకండి. వేరే ల్యాప్‌టాప్‌లో 1 జీబీ ఖాళీ ఫైళ్లు నాలుగు ట్రంకేట్‌తో చేసి, లోసెటప్‌తో వాటిని లూప్ డిస్కులుగా (ఫైలే డిస్క్‌లా కనిపించేలా) తగిలించండి.

మూడిటితో రెయిడ్5, నాలుగోది స్పేర్‌గా ఎండీ9 కట్టండి. "స్పేర్ రీబిల్డింగ్" కనిపించి పోయేదాకా చూడండి. ఒకదాన్ని --ఫెయిల్ చేస్తే స్పేర్ దానంతటదే ఎలా ఎక్కుతుందో చూడండి. పోయినదాన్ని రిమూవ్ చేసి, చీటీ చెరిపి, స్పేర్‌గా తిరిగి చేర్చండి.

తర్వాత రెయిడ్‌ను ఆపి, ఒక్క లూప్ డిస్క్‌నే --ఇంక్రిమెంటల్‌తో ఇవ్వండి. 7లో చెప్పిన ఇనాక్టివ్, ఎస్ అచ్చంగా కనిపిస్తుంది. చీటీలు చదివి, ఆపి, అసెంబుల్ చేసి లేపండి. అయిపోయాక ఎండీ9ను --స్టాప్ చేసి, లోసెటప్ -డీ తో లూప్ డిస్కులను విడిపించి, ఆ నాలుగు ఫైళ్లు తీసేయండి.